లేబుల్ పడుతుందని ఆగకండి, ముందు ఆ ఉత్తరం రాయండి

ప్రశ్న: అక్కా, మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా బాబుకి అయిదేళ్ళు నిండాయి, ఆగస్టులో కిండర్‌గార్టెన్‌లో చేరాడు. మాటలు తక్కువ, పేరు పెట్టి పిలిస్తే చూడడు, క్లాసులో అందరూ కూర్చుంటే వాడు ఒక మూల బొమ్మ కారు చక్రాలు తిప్పుకుంటూ ఉంటాడట. డాక్టర్ ఆటిజం పరీక్షకి రాశారు కానీ అపాయింట్‌మెంట్ తొమ్మిది నెలల తర్వాత దొరికింది. స్కూల్లో స్పెషల్ ఎడ్ (వైకల్యమున్న పిల్లలకిచ్చే ప్రత్యేక బోధన) గురించి అడిగితే "ఇంకొంత కాలం క్లాసులోనే సపోర్ట్ ఇచ్చి చూద్దాం" అన్నారు. మావారేమో ఒకసారి లేబుల్ పడితే జీవితాంతం పోదంటున్నారు, పైగా గ్రీన్ కార్డుకి ఏమైనా అడ్డమవుతుందేమోనని భయం. ఊళ్ళో మా అత్తగారు మగపిల్లలకి మాటలు ఆలస్యమేనంటారు. ఇంట్లో తెలుగు మానేయమని ఒకరు చెప్పారు. నాకేం తోచడం లేదు, రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు.

జవాబు:

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఇందులో అయిదారు ప్రశ్నలున్నాయి, కానీ ఈ వారం మీరు చేయాల్సిన పని ఒక్కటే, కాబట్టి ముందు అది చెప్పేసి మిగతావాటికి వస్తాను. బాబుకి స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఎవాల్యుయేషన్, అంటే వాడి అవసరాలు తేల్చే పరీక్షలన్నీ, చేయమని రాసి అడగండి, తేదీ వేసి. పికప్ దగ్గర టీచర్‌తో మాట్లాడటం కాదు, కౌన్సెలర్‌కి ఫోన్ చేయడం కాదు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి ఈమెయిల్, అదే మెయిల్ కాపీ ప్రిన్సిపాల్‌కి. నాలుగు వాక్యాలు చాలు: మా అబ్బాయి ఫలానా, ఫలానా స్కూల్లో కిండర్‌గార్టెన్, మాటల్లోనూ తోటి పిల్లలతో కలవడంలోనూ మాకు ఇవి ఇవి కనిపిస్తున్నాయి, ఐడియా చట్టం (వైకల్యమున్న పిల్లల చదువు గురించిన ఫెడరల్ చట్టం) కింద వాడికి పూర్తి ఎవాల్యుయేషన్ కోరుతున్నాం, కన్సెంట్ ఫారం (అంగీకార పత్రం) పంపండి. అంతే. క్షమాపణలు, "మీకు వీలుంటే"లు ఏమీ వద్దు.

ఎందుకంత పట్టుబడుతున్నానంటే, నోటిమాటగా అడిగితే ఏ గడువూ మొదలవదు, రాసి అడిగితే మొదలవుతుంది. టెక్సస్‌లో అలాంటి ఉత్తరం అందిన 15 స్కూల్ రోజుల్లోగా డిస్ట్రిక్ట్ మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. సరే చేస్తాం, ఇదిగో కన్సెంట్ ఫారం అనైనా ఇవ్వాలి, లేదా చేయం, ఇవీ కారణాలు అనైనా రాసివ్వాలి, ఆ నిర్ణయాన్ని మీరు ఎలా ప్రశ్నించవచ్చో చెప్పే హక్కుల పత్రంతో సహా. మీరు కన్సెంట్ మీద సంతకం పెట్టిన రోజు నుంచి 45 స్కూల్ రోజుల్లో ఎవాల్యుయేషన్ రిపోర్టు పూర్తి కావాలి. వేరే రాష్ట్రాల్లో లెక్క వేరు, ఫెడరల్ చట్టం 60 రోజులంటుంది, రాష్ట్రం సొంత గడువు పెట్టుకుంటే అదే చెల్లుతుంది. స్కూల్ రోజులంటే శని ఆదివారాలూ సెలవులూ పోగా అని గుర్తుంచుకోండి, అంటే 45 రోజులు క్యాలెండర్ మీద తొమ్మిది వారాల పైనే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఆ మధ్యలో పిల్లాడు మూడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ స్కూల్ మానేస్తే, మానేసినన్ని రోజులూ గడువు పెంచుకోవచ్చు. కాబట్టి డిసెంబర్‌లో ఇండియా వెళ్ళి జనవరి సగం దాకా ఉండొద్దామనే ఆలోచన ఉంటే ఈ ఏడాదికి కాస్త చూసుకోండి.

"ముందు క్లాసులో సపోర్ట్ ఇచ్చి చూద్దాం" అన్న మాట గురించి. అలా సపోర్ట్ ఇవ్వడం మంచిదే, వద్దనకండి, ఇవ్వమనండి. కానీ దాన్ని చూపించి ఎవాల్యుయేషన్ ఆలస్యం చేయడానికీ నిరాకరించడానికీ వీల్లేదని ఫెడరల్ విద్యాశాఖ 2011 జనవరిలోనే అన్ని రాష్ట్రాలకూ రాసింది. రెండూ పక్కపక్కన నడవొచ్చు. టెక్సస్‌లో ఈ విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండటానికి ఒక చరిత్ర కూడా ఉంది. 2004 నుంచి రాష్ట్ర విద్యా ఏజెన్సీ, మొత్తం విద్యార్థుల్లో స్పెషల్ ఎడ్‌లో ఉన్నవాళ్ళు 8.5 శాతం దాటుతున్నారా అని డిస్ట్రిక్టులను లెక్కగట్టి చూసేది. దాని ఒత్తిడికి సాయం దక్కాల్సిన ఎంతోమంది పిల్లలు బయటే ఉండిపోయారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది, 2017లో శాసనసభ అలాంటి లెక్కలు పెట్టకూడదని చట్టం చేసింది, 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. మీ స్కూల్ వాళ్ళ మీద నాకు అనుమానమేమీ లేదు, ఎక్కువమంది టీచర్లు మనసు పెట్టి పనిచేసేవాళ్ళే. అయినా మీ అబ్బాయి వంతు వాళ్ళ తీరికని బట్టి కాకుండా చట్టంలో ఉన్న గడువుని బట్టి రావాలి, అందుకే ఆ ఉత్తరం.

డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం తొమ్మిది నెలలు ఆగక్కర్లేదు. ఇది అందరూ కలిపేసుకునే విషయం. డాక్టర్ చేసేది వైద్యపరమైన నిర్ధారణ. స్కూల్ చూసేది వేరు, అక్కడ రెండు ప్రశ్నలే. చట్టంలో ఉన్న 13 రకాల వైకల్యాల్లో ఏదైనా ఈ పిల్లాడికి ఉందా, దాని వల్ల చదువు మీద ప్రభావం పడి ప్రత్యేకమైన బోధన అవసరమవుతోందా. రెండింటికీ అవునంటేనే అర్హత. ఆ 13లో ఆటిజం ఉంది, మాటకు సంబంధించినది ఉంది. డాక్టర్ కాగితం లేకపోయినా స్కూల్ తన సొంత పరీక్షలతో అర్హత తేల్చగలదు, తేల్చాలి కూడా. అలాగే రేపు డాక్టర్ ఆటిజం అని రాసిచ్చినా, ఆ కాగితం ఒక్కటే చూసి సర్వీసులు వచ్చెయ్యవు, వాళ్ళు దాన్ని పరిగణనలోకి తీసుకుంటారు. డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా వదులుకోకండి, ఇన్సూరెన్స్ ద్వారా బయట ఇప్పించే థెరపీలకి అది కావాలి. చదువు మీద ప్రభావం అంటే మార్కులే అనుకోకండి. మీవాడు రంగులూ అంకెలూ అన్నీ చెప్పేస్తుండొచ్చు, కానీ దాహమేస్తే టీచర్‌ని నీళ్ళు అడగలేకపోతున్నాడంటే అదీ చదువులో భాగమే.

ఎవాల్యుయేషన్ మొదలయ్యాక స్కూల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, అవసరమైతే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవాళ్ళు) వాడిని చూస్తారు, క్లాసులో గమనిస్తారు, మీకు పొడుగాటి ప్రశ్నాపత్రాలు ఇస్తారు. ఇక్కడ మన వాళ్ళం చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. బిడ్డని తక్కువ చేసి చెప్పడానికి మనసొప్పదు. "తనంతట తాను డ్రెస్ వేసుకుంటాడా" అని ఉంటే, మనం చేతులు దూర్చి, బటన్లు పెట్టి, చివర్లో వాడు జిప్ లాగితే "ఆ, వేసుకుంటాడు" అని టిక్ పెట్టేస్తాం. మా పాపకి నాలుగేళ్ళప్పుడు ఆ ఫారం నేను అలాగే నింపాను, రిపోర్టులో ఇంట్లో ఏ ఇబ్బందీ లేదని వచ్చింది, సాయం తగ్గింది. మీరు అలా చేయకండి. మీరు పక్కన లేకపోతే వాడు ఎంతవరకు చేయగలడో అదే రాయండి. నింపే ముందు వారం రోజులు ఒక పుస్తకంలో రాసుకోండి: ఏం అడగడానికి ఏ మాట వాడాడు, ఎన్నిసార్లు పిలిస్తే చూశాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకున్నాడు. ఒకటి రెండు చిన్న వీడియోలు కూడా తీసి పెట్టుకోండి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఇంట్లో తెలుగు మానేయకండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి ఆటిజం రాదు, మాటల్లో లోపమూ రాదు. మీరు తెలుగు ఆపేస్తే వాడితో రోజంతా మాట్లాడే అమ్మ, అమ్మమ్మ, నానమ్మ మూగబోతారు, వాడికి అందే మాటలు ఇంకా తగ్గుతాయి. ఎవాల్యుయేషన్ చేసేవాళ్ళకి మాత్రం ఇంట్లో మాట్లాడేది తెలుగని మొదటి రోజే చెప్పండి. ఇంగ్లీషు తక్కువ రావడాన్నే కారణంగా చూపి పిల్లాడికి వైకల్యం ఉందని తేల్చడానికి చట్టం ఒప్పుకోదు, పిల్లాడి భాషలోనూ పరీక్షించాలని చెప్తుంది. ఇంగ్లీషు కార్డు చూపించి "వాట్ ఈజ్ దిస్" అంటే వాడు నోరు విప్పకపోవచ్చు, అదే బొమ్మకి తెలుగులో పేరు తెలిసి ఉండొచ్చు. రెండు భాషల్లోనూ తెలియదంటే అదొక సంగతి, ఒక దాంట్లోనే తెలియదంటే వేరే సంగతి, ఈ తేడా రిపోర్టులో రావాలి. మీటింగులో మీకూ ఇంగ్లీషు ఇబ్బందనిపిస్తే తెలుగు దుబాసీని అడగండి, ఏర్పాటు చేయడం వాళ్ళ బాధ్యత, ఖర్చు వాళ్ళదే. ఐటీలో పనిచేసేవాళ్ళు అది అడగడానికి చిన్నతనంగా భావిస్తారు, కానీ ఆఫీసు ఇంగ్లీషు వేరు, బిడ్డ గురించి కళ్ళనీళ్ళతో వినే ఇంగ్లీషు వేరు.

రిపోర్టు పూర్తయ్యాక 30 రోజుల్లో మీటింగ్ పెడతారు. మిగతా రాష్ట్రాల్లో ఐఈపీ మీటింగ్ అంటారు, టెక్సస్‌లో 'ఆర్డ్' అంటారు, అడ్మిషన్, రివ్యూ, డిస్మిసల్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు. డిస్మిసల్ అన్న మాట చూసి స్కూల్లోంచి పంపేస్తారేమోనని నాకు ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. అది సర్వీసు అవసరం తీరాక ఆపడం గురించి, అంతకుమించి ఏమీ లేదు. ఐఈపీ అంటే ఇండివిడ్యువలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్, ఆ ఒక్క పిల్లాడి కోసం రాసిన చదువు ప్లాన్. ఆ గదిలో స్పెషల్ ఎడ్ టీచర్, మామూలు క్లాస్ టీచర్, డిస్ట్రిక్ట్ తరఫున నిర్ణయం తీసుకోగల ఒకరు, పరీక్షల ఫలితాలు వివరించగలిగేవాళ్ళు ఉంటారు. చట్టం చెప్పిన ఆ బృందం జాబితాలో తల్లిదండ్రులూ ఉన్నారు. మిమ్మల్ని పిలిచింది వినిపించి పంపడానికి కాదు, కలిసి రాయడానికి.

నా మొదటి మీటింగులో బల్లకి అటువైపు ఆరుగురు, ఇటు నేనొక్కదాన్ని. ఇరవై రెండు పేజీలు గబగబా చదివారు, నేను తలూపాను, నలభై నిమిషాల్లో సంతకం పెట్టేసి థాంక్యూలు చెప్పి వచ్చాను. ఇంటికొచ్చి చూసుకుంటే స్పీచ్ థెరపీ తొమ్మిది వారాలకు ఎనిమిది సార్లు, సారికి ఇరవై నిమిషాలు, అదీ గ్రూపులో. వారానికి ఇరవై నిమిషాలైనా లేదు, నలుగురు పిల్లలకు పంచితే నా కూతురికి దక్కేది ఎంత? అది మార్పించుకోవడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. అందుకని చెప్తున్నాను, రిపోర్టూ డ్రాఫ్ట్ ఐఈపీ మీటింగుకి ముందే పంపమని మెయిల్ పెట్టండి. మీవారిని తీసుకెళ్ళండి. ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి. హాజరైనట్టు పెట్టే సంతకం వేరు, ఒప్పుకున్నట్టు పెట్టే సంతకం వేరు, ఏది ఏదో అడిగి పెట్టండి. మొదటిసారి సర్వీసులు మొదలుపెట్టాలంటే మీ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి, ఎవాల్యుయేషన్‌కి ఇచ్చిన సంతకం దీనికి చెల్లదు. ఒప్పుకోలేకపోతే ఒప్పుకోలేదని చెప్పండి, టెక్సస్‌లో అలాంటప్పుడు 10 స్కూల్ రోజుల దాకా వాయిదా వేసి మళ్ళీ కూర్చునే వీలుంది.

చదవాల్సింది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి గోల్స్. "కమ్యూనికేషన్ మెరుగుపడుతుంది" అని ఉంటే దాన్ని ఎవరూ కొలవలేరు, ఏడాది చివర మెరుగుపడిందని వాళ్ళంటారు, లేదని మీరంటారు. "పేరు పెట్టి పిలిచినప్పుడు 5 సార్లలో 4 సార్లు చూస్తాడు, ఇప్పుడు ఒక్కసారే చూస్తున్నాడు" అని ఉంటే అది గోల్. ఇప్పుడెక్కడున్నాడు, ఏడాదికి ఎక్కడికి రావాలి, ఎవరు ఎలా లెక్కపెడతారు, మూడూ ఉండాలి. రెండోది సర్వీసుల పేజీ: ఏ థెరపీ, వారానికి ఎన్ని నిమిషాలు, ఒంటరిగానా గ్రూపులోనా, క్లాసులోనా బయటికి తీసుకెళ్ళా. బస్సు అవసరమైతే అదీ, ఎండాకాలం సెలవుల్లో నేర్చుకున్నది మరిచిపోతాడనుకుంటే వేసవి సర్వీసులు కూడా అడగొచ్చు. వీటిలో దేనికీ మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఏడాదికోసారైనా ప్లాన్‌ని తిరిగి చూడాలి. ఏడాది తర్వాత కూడా అవే గోల్స్ తేదీ మార్చి పెడితే ఒప్పుకోకండి. కొలరాడోకి చెందిన ఎండ్రూ అనే ఆటిజం ఉన్న అబ్బాయి విషయంలో సరిగ్గా ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఆ పిల్లాడి పరిస్థితికి తగిన పురోగతి వచ్చేలా ప్లాన్ ఉండాలని, ఏదో కాస్తంత లాభం ఉంటే చాలనడం కుదరదని 2017లో తీర్పు వచ్చింది.

ఇక మీవారి భయం. ఆయన చెడ్డగా ఆలోచించడం లేదు, బిడ్డని ఒక గదిలో పడేసి మరిచిపోతారేమోనని ఆయన బాధ. ఆయనకి ఈ మాట చెప్పండి: స్పెషల్ ఎడ్ అనేది గది కాదు, సాయం. సాధ్యమైనంతవరకు మామూలు పిల్లలతోనే ఉంచాలని, క్లాసులో అన్ని సాయాలూ ఇచ్చినా కుదరకపోతేనే బయటికి తీసుకెళ్ళాలని చట్టమే చెప్తోంది. మీవాడు రోజులో ఎక్కువ భాగం అదే క్లాసులో ఉండి, గంటో అరగంటో స్పీచ్‌కి వెళ్ళి రావొచ్చు. శాశ్వతం కూడా కాదు. కనీసం మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించి అవసరం ఉందో లేదో చూడాలి, నచ్చకపోతే మీరే ఎప్పుడైనా రాసిచ్చి సర్వీసులు ఆపేయొచ్చు. స్కూల్ రికార్డులు గోప్యం, కొన్ని మినహాయింపులు తప్ప మీ అనుమతి లేకుండా బయటివాళ్ళకి ఇవ్వకూడదని 1974 నుంచి చట్టముంది. లేబుల్ అంటారా, ఏ కాగితమూ లేకపోయినా క్లాసులో పిల్లలు పెట్టే పేర్లు ఆగవు. మొండివాడు, మాట వినడు, పెంపకం సరిగా లేదు, ఇవి కూడా లేబుళ్ళే, వాటితో ఏ సాయమూ రాదు.

గ్రీన్ కార్డు గురించి కంగారు పడకండి. పబ్లిక్ స్కూల్ చదువుకి పిల్లల వీసా స్థితి అడ్డు కాకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు మీ టెక్సస్‌దే, టైలర్ అనే ఊరిది. స్పెషల్ ఎడ్ ఆ పబ్లిక్ స్కూల్ చదువులో భాగం, ప్రభుత్వం చేతికిచ్చే నగదు సాయం కాదు. హెచ్ వన్ మీద ఉన్నా, గ్రీన్ కార్డు పెండింగులో ఉన్నా, పిల్లాడి హక్కు ఒకటే. ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళినా, కొత్త డిస్ట్రిక్ట్ తన ఎవాల్యుయేషన్ అవసరమనుకుంటే అది చేసి కొత్త ప్లాన్ రాసేదాకా పాత ఐఈపీకి దీటైన సర్వీసులు ఇస్తూ ఉండాలి. కాబట్టి ఇల్లు మారేటప్పుడు ఆ ఫైలు మూవర్స్ పెట్టెల్లో వేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

ఒకవేళ అర్హత లేదన్నారనుకోండి. స్కూల్ చేసిన ఎవాల్యుయేషన్ తప్పనిపిస్తే, బయటి నిపుణులతో ఇంకోటి స్కూల్ ఖర్చుతో చేయించమని అడిగే హక్కుంది. అలా అడిగితే వాళ్ళు డబ్బు కట్టాలి, లేదా తమ ఎవాల్యుయేషన్ సరైనదేనని హియరింగులో, అంటే విచారణలో, నిరూపించుకోవాలి, ఊరుకోవడానికి లేదు. రాష్ట్ర ఏజెన్సీకి ఫిర్యాదు, మధ్యవర్తిత్వం కూడా ఉన్నాయి, అవి అవసరమైనప్పుడు చూద్దాం. ఐఈపీకి అర్హత రాకపోయినా 1973 నాటి పునరావాస చట్టంలోని సెక్షన్ 504 కింద క్లాసులో కొన్ని సదుపాయాలు రావొచ్చు. ప్రతి రాష్ట్రంలోనూ తల్లిదండ్రులకి ఇవన్నీ ఉచితంగా నేర్పే కేంద్రాలున్నాయి, టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్ ఆ పని చేస్తుంది. మొదటి మీటింగుకి ముందు వాళ్ళకి ఫోన్ చేయండి, నాకు ఆ రోజుల్లో ఆ సంగతి తెలియలేదు.

ఇది చదువుతున్న వేరేవాళ్ళకి ఒక మాట: మీ పిల్లలు మూడేళ్ళలోపు వాళ్ళయితే స్కూల్ కాదు, రాష్ట్రం నడిపే ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి వెళ్ళాలి, టెక్సస్‌లో ఈసీఐ అంటారు. మూడు నిండిన రోజు నుంచి పిల్లాడు ఇంకా ఏ బడిలోనూ చేరకపోయినా డిస్ట్రిక్టుదే బాధ్యత. మీకు మాత్రం, మూడేళ్ళప్పుడే ఎందుకు చూపించలేదా అని కుమిలిపోవద్దమ్మా. తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. అయిదేళ్ళంటే ఇంకా చిన్నవాడే.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ చూసిన మగపిల్లలు కొందరు నిజంగానే ఆలస్యంగా మాట్లాడి ఉంటారు. "సరే అత్తయ్యా, వస్తే మంచిదే, ఈలోపు స్కూల్లో మాటలు నేర్పిస్తారట" అనండి చాలు. రోజూ వీడియో కాల్లో వాడికి ఒకే పాట, ఒకే పిలుపు వినిపించమని ఆవిడకో పని అప్పజెప్పండి, వాడు ఆ పిలుపుకి చూస్తే ఆ తేదీ మీ పుస్తకంలో రాయండి.

ఉత్తరం పంపిన తేదీ నుంచి 15 స్కూల్ రోజులు లెక్కపెట్టి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకి జవాబు రాకపోతే అదే మెయిల్ మీద మళ్ళీ రాయండి. డ్రాఫ్ట్ ఐఈపీ చేతికొచ్చాక బాబు పేరు, స్కూల్ పేరు చెరిపేసి గోల్స్ పేజీ, సర్వీసుల పేజీ నాకు పంపండి, చదివి ఏం అడగాలో రాస్తాను.